మందునకు లొంగని కణము

“ఏండ్ల తరబడి తప్పక మాత్రలు మ్రింగితిని. వ్యాధి మరల ఏల వచ్చినది? నేనేమి అపథ్యము చేసితిని?” రొమ్ము క్యాన్సరునకు చికిత్స పొందిన స్త్రీలు కొందరు వైద్యుని అడుగు ప్రశ్న ఇది. ఇంటివారును లోలోపల ఇట్లే అనుకొందురు. దీనికి సమాధానము ఆమె నడవడిలో లేదు. కంటి కగపడని ఒక మాంసకృత్తులో ఉండవచ్చును.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి సుమారు 70 ఈస్ట్రోజెను అను స్త్రీ హార్మోను ప్రేరణచే పెరుగునవి. 1896లో గ్లాస్గో వైద్యుడు జార్జి బీట్సన్, అండాశయములను తొలగించినచో ముదిరిన వ్యాధి సైతము కొందరిలో తగ్గునని ప్రకటించెను. ఏల తగ్గునో నాడెవరికిని తెలియదు. 1950ల చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ ఆ రహస్యమును కనుగొనెను. కణములో ఈస్ట్రోజెనును పట్టుకొను మాంసకృత్తు ఒకటి కలదు. దానిని గ్రాహకమందురు.

ఈ గ్రాహకమును తాళముగను, హార్మోనును తాళపుచెవిగను భావింపుడు. చెవి దూరినంతనే తాళము తెరచుకొనును. పెరుగుమను ఆజ్ఞ కణమునకు అందును. అమెరికాలో 1977లో అనుమతి పొందిన టామోక్సిఫెన్, ఆ తాళములో తాను దూరి, అసలు చెవికి చోటు లేకుండ చేయును. ఆరొమటేజు నిరోధకములను మందులు, ముట్లుడిగిన స్త్రీలలో చెవుల తయారీనే అడ్డగించును. వీనివలన ఎందరో స్త్రీలకు ఆయుష్షు పెరిగినది.

మరి కణము ఎదురుతిరుగుట ఎట్లు? గ్రాహకము 595 పూసల గొలుసు వంటిది. ఒక్కొక్క పూస ఒక్కొక్క ఎమినో ఆమ్లము. కణము రెండుగా చీలునపుడు జన్యువు నకలులో ఒక్క అక్షరము తప్పినచో ఒక పూస మారును. 537వ చోట టైరోసీనునకు బదులు సెరీను, లేదా 538వ చోట ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు గ్లైసీను చేరును. అంతమాత్రముననే తాళము చెవి లేకయే తెరచుకొని యుండును! చెవుల తయారీని ఆపిన మందు ఇక చేయగలదేమి?

ఇట్టి మార్పులు తొలి కణితిలో అరుదనియు, హార్మోను చికిత్స తరువాత ఇతర అవయవములకు ప్రాకిన వ్యాధిలో తరచు కానవచ్చుననియు 2013లో పరిశోధకులు చూపిరి. మందు ఈ మార్పును పుట్టించుట లేదు. లొంగిన కణములు నశింపగా, మారిన కొద్ది కణములు మిగిలి తమ సంతతిని పెంచుకొనును. కలుపుమందు చల్లిన చేలో చావక మిగిలిన మొక్కయే గదా మరుసటేటికి విత్తనము రాల్చునది!

మారిన తాళమునకును విరుగుడు వచ్చినది. ఆ గ్రాహకమును పట్టి శిథిలము చేయు ఎలాసెస్ట్రాంట్ అను మాత్రకు 2023 జనవరిలో అమెరికాలో అనుమతి లభించినది. మార్పు జరిగినదీ లేనిదీ రక్తపరీక్షచే తెలిసికొనవచ్చును.

కావున గృహస్థులు రెండు మాటలు గుర్తుంచుకొనవలెను. ఎప్పుడో కణము ఎదురుతిరుగునను భయముతో నేడు మేలు చేయుచున్న మాత్రను తమంతట తాము మానరాదు. వ్యాధి తిరిగి వచ్చినచో పాత కాగితములనే నమ్ముకొనక, కణము నేడెట్లున్నదో మరల పరీక్షింపుమని వైద్యుని అడుగవలెను. ఒక పూస మారినందుకు ఆ తల్లిని నిందించుట న్యాయము కాదు.