రచయితయు పాఠకుడును



తన వ్రాతను పదిమంది చదువవలెనని రచయిత కోరుట దోషమా? ఆ కోరికకై మనసులోని మాటను మార్చుకొనవలసినదేనా? కలము పట్టిన ప్రతివానికిని ఈ చిక్కు ఎదురగును, నాకును ఎదురైనది. సమాధానము మన విజయనగరముననే దొరకినది.

గురజాడ అప్పారావుగారు తొలుత ఇంగ్లీషున కవిత్వము వ్రాసిరి. 1883లో వెలువడిన వారి 'సారంగధర'ను మెచ్చిన కలకత్తా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు, మాతృభాషలో వ్రాయుడని ప్రోత్సహించిరి. పిమ్మట వచ్చిన 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను; 1897లో అచ్చయ్యెను.

పండితులు కానివారికిని అందవలెనని అప్పారావుగారు వాడుకభాషను చేపట్టిరి. అది జనులకొరకు చేసిన పని. కాని చెప్పవలసిన చేదును మాత్రము తీపి చేయలేదు. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో 1,034 శుల్కవివాహములు జరిగినవని ఆనందగజపతి మహారాజావారు వ్రాయించిన పట్టిక తేల్చెను. ఆ లెక్కను అప్పారావుగారు పీఠికలోనే చూపిరి. అట్టి పెండ్లిండ్లు చేసినవారు ప్రేక్షకులలోనే కూర్చుండియుందురేమోయని జంకలేదు. లభించిన మెప్పుతో తృప్తిపడక, 1909లో నాటకమును పెంచి తిరిగి వ్రాసిరి.

కావున భాషలో పాఠకునికి ఎదురేగవచ్చును. సత్యమున వెనుకకు తగ్గరాదు.

సోదరీసోదరులారా, ఇందు మీ వంతును కలదు. ఇరువదియైదేండ్లుగా ఈ బీరువాలలోని పుస్తకములు మీ యిండ్లకు వచ్చుచున్నవి. నచ్చని మాట చెప్పిన పుస్తకమును సగములో తిరిగి ఈయకుడు. తుదివరకు చదివి, ఆపైన తగవులాడుడు. అట్టి పాఠకుడు కలడని తెలిసిన రచయితకు అబద్ధము వ్రాయవలసిన అగత్యముండదు.