బేరము తప్పినను తాకట్టు తప్పదు



మన నారాయణఖేడ్ ప్రాంతమున ఇల్లు బేరము కుదిరినదనగా మొదట వినవచ్చు మాట బయానా. దీనినే మన పూర్వులు సంచకారమనిరి. సంస్కృతమునందలి సత్యంకార శబ్దమే తెలుగున నిట్లు మాఱినది. ఆడిన మాటను సత్యము చేయునది కావున దానికా పేరు.

బేరము తప్పినప్పుడు బయానా ఎవరికి చెందును? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సత్యంకారముగ నుంచిన ద్రవ్యమును రెట్టింపుగ మరల నిప్పింపవలయునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. దానికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తి యగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కళ్యాణపురమున నుండెను. ఆ కళ్యాణము మనకు దూరదేశము కాదు. బీదరు దాటి పడమటికి పోయిన వచ్చు బసవకల్యాణమే. ఇచ్చినవాడే మాట తప్పినచో ఇచ్చినది పోగొట్టుకొనును, పుచ్చుకొన్నవాడు తప్పినచో రెట్టింపు చెల్లించునని ఆయన విడదీసి చెప్పెను. రోమక చక్రవర్తి జస్టీనియను ధర్మశాస్త్రమునందును ఇదే తీర్పు కలదు.

అయితే ఆ వ్యవహారము ఇరువురి మధ్యది. నేడు మూడవవాడు, అనగా ఋణమిచ్చు బ్యాంకు, నడుమ నిలిచినాడు. కొనువాడు అమ్మువానితో నొక యొడంబడిక, బ్యాంకుతో వేఱొక యొడంబడిక చేసికొనును. మొదటిది విడిచినంత మాత్రమున రెండవది విడిపోదు. నేను మనవి చేయదలచిన ముఖ్యవిషయ మిదియే.

విరమించుకొనుటలో మూడు దశలు కలవు. ఋణము మంజూరై, ధనమింకను చేతులు మాఱని దశ మొదటిది. అప్పుడు విరమించుకొన్నచో అప్పు లేదు, తాకట్టు లేదు. దరఖాస్తు ఖర్చు మాత్రము సాధారణముగ తిరిగి రాదు.

బయానా చెల్లించి కరారు వ్రాసికొన్న దశ రెండవది. కరారు మాత్రమున ఇంటిపై హక్కు గాని భారము గాని కలుగదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను చెప్పుచున్నది. కాని 55వ సెక్షను ఒక రక్షణ నిచ్చినది. అమ్మువాడే మాట తప్పినచో, కొనువాడు ముందుగ చెల్లించిన సొమ్మునకు ఆ యిల్లే పూచీ. తాకట్టు వంటి భారము దానిపై నిలుచును. కొనువాడే అకారణముగ వెనుకకు పోయినచో ఆ రక్షణ లేదు. అంతకు ముందే యిల్లు బ్యాంకునకు తాకట్టులో నున్న యెడల బ్యాంకు బాకీ ముందు, మన బయానా తరువాత.

కొనువాడు తప్పినంతనే అమ్మువాడు పుచ్చుకొన్న సొమ్మంతయు ఉంచుకొనరాదు. ఢిల్లీలోని యొక బంగళా 1,12,500 రూపాయలకు బేరమై, బయానాగ 1,000, ఆపై 24,000 చెల్లిన పిదప క్రయము చెడినది. ఫతేచందు బాలకిషన్‌దాసుల మధ్య నడచిన ఆ వ్యాజ్యమున 1963లో సుప్రీంకోర్టు, బయానా వేయి మాత్రమే అమ్మువానికి దక్కుననియు, నష్టము ఋజువు కాని తక్కిన సొమ్ము జప్తు చేసికొనరాదనియు తీర్పు చెప్పెను.

బ్యాంకు ధనము అమ్మువానికి ముట్టి దస్తావేజు రిజిస్టరైన దశ మూడవది. ఇక విరమించుట యను మాటయే లేదు. అమ్మువాడు సమ్మతించినను, బ్యాంకు బాకీ తీర్చి, మరల క్రయదస్తావేజు వ్రాసి, మరల స్టాంపు సుంకము చెల్లింపవలయును. ఇల్లు నచ్చలేదని నెలవాయిదా ఆపినచో వడ్డీ ఆగదు. అప్పు తీర్చినవానికి తాకట్టు విడిపించుకొను హక్కును 60వ సెక్షను కాపాడుచున్నది. తీర్చకయే విడిపించుకొను హక్కు ఆ చట్టమున లేదు.

నా శిష్యుడొకడు పటాన్‌చెరువులో ఉద్యోగము చేయుచు అచ్చట ఇల్లు కొనబోయెను. బయానా కొఱకు తండ్రి ఊరిలోని సొంత యింటి పత్రములు ఒక వడ్డీ వ్యాపారి యొద్ద కుదువ పెట్టెను. నెల గడచునప్పటికి కొడుకునకు పని పోయినది. బ్యాంకు ఋణము రాదయ్యెను. అట్టి సమయమున ఏమి చేయవలయునో కరారులో లేదు కావున అమ్మువాడు బయానా తిరిగి యీయనన్నాడు. క్రొత్త యిల్లు రాలేదు. పాత యింటి కుదువ మాత్రము మిగిలెను. రెండు సంవత్సరములు జొన్నలమ్మిన సొమ్ము వడ్డీకే పోవుట కన్నులార చూచితిని.

కొడుకు తీసికొన్న ఋణమునకు తండ్రి జమానతు సంతకము చేసినప్పుడును ఇట్లే. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేఱుగ వ్రాసికొననిచో, జమానతుదారుని బాధ్యత ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. కొడుకు ఇల్లు వలదనుకొన్నను తండ్రి సంతకము చెఱగిపోదు.

మన ఊళ్లలో బయానా కాగితముపై సాక్షులుగ నిలుచువారు మీవంటి పెద్దలే. కావున సంతకము చేయుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుడు. బ్యాంకు ఋణము రానిచో బయానా ఎన్ని దినములలో తిరిగి యీయవలయునో కరారులో వ్రాయించుడు. ఇంటిపై పాత తాకట్టు కలదేమో సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ఈ.సి. తీయించి చూడుడు. ఇరువది వేలు గాని అంతకు మించి గాని బయానా నగదుగ పుచ్చుకొనరాదని 2015 జూను నుండి ఆదాయపు పన్ను నిబంధన కలదు. బ్యాంకు ద్వారమున నిప్పింపుడు. బేరము విరమించుకొన్నచో ఆ సంగతి ఉభయులచేతను వ్రాతమూలముగ ఒప్పింపుడు, నోటిమాట చాలదు.

బాకీ తీరిన పిదప పత్రములు తిరిగి తెచ్చుకొనుట మఱువరాదు. ముప్పది దినములలో వానిని తిరిగి యీయవలయుననియు, తన వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమీయవలయుననియు రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసినది.

కొనుట మానుకొనుట దోషము కాదు, ఒక్కొక్కప్పుడదియే వివేకము. కాని ఆ వివేకము బయానాకు ముందు కలిగిన ఖర్చు లేదు, తరువాత కలిగిన కొంత ఖర్చు, తాకట్టు పెట్టిన పిదప కలిగిన ఇల్లే ఖర్చు. ఉన్న యింటిని పణముగ నొడ్డి లేని యింటికి బయానా ఈయవలదని మీ పిల్లలకు చెప్పుడు.