పెరటిలో ఎత్తుమడులు – రైలు దుంగలు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఢిల్లీ ప్రభుత్వ నివాసములలో క్రింది అంతస్తు లభించినవారికి పెరడు లభించును గాని మన్ను లభింపదు. గడ్డపార వేసినచో ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు బయటపడును. అందుచేతనే ఎత్తుమడులు కట్టవలెనను కోరిక మన కుటుంబములలో కలుగుచున్నది. ఇదంతయు గోంగూర కొరకేనని నాకు తెలియును! దాని తల్లివేరు లోతునకు దిగును. చిన్న కుండీలో అది నామమాత్రముగ బ్రతుకును.

ఎత్తుమడికి రైలు స్లీపరు మీద అందరి దృష్టి పడుటకు కారణము దాని కొలతయే. మన బ్రాడ్‌గేజి కొయ్య స్లీపరు 9 అడుగుల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల మందము గలది. మూడు దుంగలున్నచో ఒక మడి అగును. కాంక్రీటు స్లీపర్లు వచ్చిన పిమ్మట మార్గమునుండి తీసివేసిన కొయ్యలను చూచినప్పుడు ఎవరికైనను ఆశ పుట్టును. నేను చెప్పదలచినది ఆ ఆశను గురించియే.

రైల్వేవారు కొయ్యలను రెండు తెగలుగా విభజించిరి. టేకు, సాలు వంటి గట్టి కలపను ఏ మందును పట్టింపకయే పట్టాలక్రింద వేసెడివారు. దేవదారు, చీరు, కైలు వంటివానికి చెదలు, బూజు పట్టకుండుటకై క్రియోసోటు తైలమును ఒత్తిడితో లోనికెక్కించెడివారు. పంజాబులోని ధిల్వాన్‌లోను, అస్సాములోని నహర్‌కటియాలోను ఇందుకు కర్మాగారములుండెను. బొగ్గుతారును బట్టీపట్టగా వచ్చునది ఈ తైలము. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు బహుశః కేన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. ఐరోపా సమాఖ్య 2001లో ఇచ్చిన ఆదేశములో, ఈ తైలము పట్టిన కొయ్యను ఆటస్థలములందును, మొక్కలు పెంచు తొట్లకును వాడరాదని నిషేధించినది.

నల్లదనము, ఎండవేళ తారువాసన, పైకి చెమర్చు జిడ్డు దీని గుర్తులు. అయితే ఏండ్లతరబడి ఎండిన కొయ్య వాసన వేయకపోవచ్చును. వాసన లేనంతమాత్రమున తైలము లేదనరాదు. తైలమెక్కని సాలు దుంగ అయినను పట్టాలక్రింద యంత్రపు జిడ్డును, బండి మరుగుదొడ్ల మాలిన్యమును ఏండ్లకొలది భరించినదే. లోపల పాలిథీను పరచిన చాలునని కొందరందురు. మన్నుకు అది కొంత అడ్డు కావచ్చును. కాని మడి అంచుమీద కూర్చుండువారెవరు? మన పిల్లలే కదా. మిగిలిన ముక్కలను చలికాలమున నీళ్లు కాచుటకు పొయ్యిలో పెట్టుట మరింత ప్రమాదము. ఆ పొగను పీల్చరాదు.

కావున కూరల మడికి పాత స్లీపరు వలదు. కోతమిల్లులో క్రొత్త సాలు కలపనో, తుమ్మ కలపనో అదే కొలతకు కోయించుకొనుడు. సాలు దుంగ 70, 80 కిలోల బరువుండును. ఇద్దరు లేనిదే ఎత్తరాదు.

ఇంటి గోడకు రెండడుగులు ఎడమిచ్చి, నేలను రసమట్టముతో సరిచూచి, దుంగలను అంచుమీద నిలిపి అంగుళము లోతు పాతవలెను. పొడుగువి రెండు ప్రక్కలకు. మూడవదానినుండి నాలుగడుగుల ముక్కలు రెండు కోసి కొసలకు. వెడల్పు ఇంతకు మించినచో నడుమనున్న కలుపు చేతికందదు. మూలలకు ఇనుప కోణపు పట్టీలు బిగించి, దుంగల కొసలలో బెజ్జములు వేసి, రెండడుగుల ఇనుప చువ్వలను నేలలోనికి దింపవలెను. బదిలీ ఉత్తరువు వచ్చిననాడు ఇవన్నియు విప్పుకొనిపోవచ్చును! అడుగున ఏమియు కట్టక, ఒక పార లోతు రాళ్లేరి నేలను గుల్లచేయవలెను. సుమారు 25 ఘనపుటడుగుల మన్ను పట్టును. అందులో మూడవ వంతు బాగుగా చివికిన పశువుల ఎరువు. తొలి వానకు మన్ను క్రుంగును గనుక కొంత వేరుగా నుంచుకొనుడు.

దసరా దాటగనే మెంతి, పాలకూర, ముల్లంగి చల్లవచ్చును. గోంగూర మాత్రము ఇచ్చటి చలికి ఓర్వదు. హోళీ వెళ్లిన తరువాతనే దాని విత్తులు వేయుడు.