ఆటవిడుపు కూడా విద్యలో భాగమే

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదు సంవత్సరాలుగా ముంబయి మహానగరంలో తెలుగు అక్షరదీపాన్ని ఆరనీయక కాపాడుతున్న పాఠశాల మనది. ఇట్టి శుభవేళ కృషిని గురించి, సాధించిన ఫలితాలను గురించి ప్రసంగించడం పరిపాటి. నేను మాత్రం విశ్రాంతిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. శ్రమజీవుల బిడ్డలు చదువుకొనే చోట ఇదేమి ప్రసంగమని కొందరికి తోచవచ్చును. కాని శ్రమ విలువ ఎరిగినవారికే విశ్రాంతి విలువ కూడా తెలుస్తుందని నా విశ్వాసం.

మన పూర్వులు బడి సెలవుకు పెట్టుకొన్న పేరు ‘ఆటవిడుపు’. పిల్లవానిని ఆటకు విడిచిపెట్టడం గురువు విధులలో ఒకటని ఆ మాటలోనే ఉన్నది. వేదాధ్యయనం చేసేవారికి సైతం అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలను ధర్మశాస్త్రాలు అనధ్యాయ దినాలుగా విధించాయి. ఎప్పుడు చదవాలో చెప్పిన పెద్దలే ఎప్పుడు చదవరాదో కూడా నిర్ణయించారు.

ఇక మనం నివసించే ఈ నగరం సంగతి. ఆదివారపు సెలవు ఇక్కడి కార్మికులకు ఊరక లభించలేదు. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువరకు పనిచేసే మిల్లు కార్మికుల పక్షాన నారాయణ్ మేఘాజీ లోఖండే మహాశయుడు 1884లో వారానికొక సెలవు దినం, మధ్యాహ్నం అరగంట విరామం కావాలని కోరారు. చివరకు 1890 జూన్ 10న మిల్లుల యజమానులు ఆదివారపు సెలవుకు అంగీకరించారు. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడి మిల్లులలో చెమటోడ్చిన మన పెద్దలు ఆ సెలవును అనుభవించారు. తాతలు పోరాటంతో లభించిన ఆదివారాన్ని అనుభవించగా, మనుమలు దానిని ట్యూషన్లకు ధారపోయడం విచారించదగిన విషయం.

మన విద్యార్థి దినచర్యను ఒకసారి గమనించండి. తెలుగు, మరాఠీ, హిందీ, ఆంగ్లం అనే నాలుగు భాషలు. వానికి తోడు గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం. బడి విడువగానే ట్యూషను. ఇల్లు చేరిన పిమ్మట ఇంటిపని. ఒంటిగది ఇంట్లో పెద్దలు పండుకొనేవరకు పిల్లలకు నిద్ర లేదు. ఆ మిగిలిన కొద్దిపాటి సమయాన్ని సెల్‌ఫోను హరిస్తున్నది. ఫోను చూచిన కన్నులకు అది విశ్రాంతి కానేరదు. ఆరేండ్ల నుండి పన్నెండేండ్లవరకు గల పిల్లలకు 9 నుండి 12 గంటలు, ఆపైన పద్దెనిమిది ఏండ్లవరకు 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. నిద్ర చాలని పిల్లవాడు తరగతిలో కూర్చున్నప్పటికీ పాఠం వాని మనసుకెక్కదు. పిల్లల నిద్రను దృష్టిలో ఉంచుకొనే 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం నాలుగవ తరగతివరకు బడులు ఉదయం 9 గంటలకు ముందు ఆరంభించరాదని ఆదేశించింది.

చదువు బరువును గురించి 1993లోనే ఆచార్య యశ్‌పాల్ సంఘం తన నివేదికలో హెచ్చరించింది. సంచి బరువుకంటె అర్థంకాని చదువు బరువు మరింత హానికరమని ఆ సంఘం గుర్తించింది. 2020 నాటి జాతీయ విధానం సంచి బరువు విద్యార్థి బరువులో పదోవంతు మించరాదనీ, రెండవ తరగతివరకు ఇంటిపని ఇవ్వరాదనీ చెప్పింది. కాగితంపై నియమాలు చక్కగానే ఉన్నవి. వానిని ఆచరణలో పెట్టవలసినవారం మనమే.

తెలుగు మాధ్యమ పాఠశాలగా మనకు మరొక ప్రత్యేక కారణం కలదు. ఈ నగర వీధులలో మన బిడ్డ చెవిన తెలుగు పడదు. తరగతి గదిలో మేము అక్షరం నేర్పగలం, వ్యాకరణం చెప్పగలం. నుడికారం మాత్రం నాయనమ్మ పొడుపుకథలో, బతుకమ్మ పాటలో, తాత చెప్పే ఊరి ముచ్చట్లలో అలవడుతుంది. తీరికలేని ఇంట ఆ ముచ్చట్లకు తావేది? సాయంకాలాన్ని పోగొట్టుకొన్న బిడ్డ క్రమంగా మాతృభాషను కూడా పోగొట్టుకొంటాడు. పరీక్షలో తెలుగుకు తొంబది మార్కులు వచ్చినా, అమ్మమ్మతో అయిదు నిమిషాలు మాట్లాడలేని పరిస్థితి ఏర్పడుతుంది.

ఉపాధ్యాయుల మాట కూడా చెప్పక తప్పదు. 2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు వారానికి కనీసం 45 పనిగంటలను నిర్దేశిస్తూ, పాఠం సిద్ధం చేసుకొనే సమయాన్ని అందులోనే చేర్చింది. అంటే ఆ సన్నాహం కూడా పనియేనని చట్టమే అంగీకరించింది. కాని మా ఉపాధ్యాయినులలో పెక్కుమంది తెల్లవారుజామున వంట ముగించి, లోకల్ రైలులో నిలబడి వచ్చి, సాయంత్రం జవాబుపత్రాల కట్టతో ఇల్లు చేరుతారు. జనగణన, ఎన్నికల విధులు అదనం. అలసిన మనసుకు సహనం తగ్గుతుంది. ఆ కొరత ముందుగా సోకేది వెనుక బెంచీలోని బిడ్డకే.

విశ్రాంతి పేరిట సోమరితనాన్ని నేను సమర్థించడం లేదు. మగ్గం ఎరిగిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. పడుగు వదులైతే నేత కుదరదు. మితిమీరి బిగిస్తే పోగు తెగుతుంది. ఆ బిగువు ఎంత ఉండవలెనో ఎరుగుటయే నేర్పరితనం.

కావున నా విన్నపాలు ఇవి. తల్లిదండ్రులారా, ఆదివారం ట్యూషను మాన్పించండి. రాత్రి నియమిత వేళకు దీపం ఆర్పి, ఫోను పక్కన పెట్టండి. పెద్దలూ అట్లే చేయండి. సహోపాధ్యాయులారా, ఆదివారానికని ఇంటిపని ఇవ్వకండి. మీ ఆరోగ్యాన్ని అశ్రద్ధ చేయకండి. పూర్వ విద్యార్థులారా, మీ విరాళాలకు కృతజ్ఞులం. వానితోపాటు నెలకొక శనివారం మధ్యాహ్నం వచ్చి మీ తమ్ముళ్లతో, చెల్లెళ్లతో ఆడండి, ఒక కథ చెప్పండి. ఆ గంట తెలుగుకు మీరు చేసే సేవ అవుతుంది.

ఈ పాఠశాల శతవార్షికోత్సవం నాటికి మన పిల్లలు చక్కగా చదివేవారుగా, హాయిగా నవ్వేవారుగా, తెలుగులో ముచ్చటించేవారుగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాను.