కర్ర అందని చోట

అరటి గెలల లారీలు తెల్లవార్లూ తిరిగే మన రావులపాలెంలో డాల్ఫిన్ల ఊసెందుకని మీకనిపించవచ్చు. నేను కుక్కలకు శిక్షణ ఇస్తానండి. కానీ ఆ పని ఎలా చెయ్యాలో నాకు తెలిసింది మాత్రం డాల్ఫిన్ల కథ చదివాకే.

మొదట్లో నేనూ గొలుసు, కర్ర పట్టుకునే నేర్పాను. కుక్క మాట వినేది. అయితే నా చెయ్యి లేచిందంటే తోక కాళ్ళ మధ్యకు పోయేది. దాన్నే క్రమశిక్షణ అనుకున్నాను. అది వట్టి భయం.

డాల్ఫిన్‌కి గొలుసు వెయ్యలేం. కర్ర ఎత్తితే అవతలి ఒడ్డుకు ఈదిపోతుంది. కాబట్టి అది ఇష్టపడి చేస్తేనే పని జరుగుతుంది. 1960లలో హవాయిలోని సీ లైఫ్ పార్కులో కారెన్ ప్రయర్ అనే ఆవిడ ఆ పని చేసి చూపించారు. డాల్ఫిన్ ఎగిరిన క్షణంలోనే మెచ్చుకోవాలి, లేకపోతే బహుమానంగా ఇచ్చిన చేప దేనికో దానికి తెలియదు. గాలిలో ఉన్నదానికి చేప అందించేదెలా? అందుకని సరిగ్గా అప్పుడే ఈల ఊదేవారు. ‘ఇదిగో, దీనికే నీకు చేప’ అని ఆ ఈలకు అర్థం. ఆ తర్వాత చేప కాస్త నిదానంగా అందినా ఫరవాలేదు. ఈ విద్యకు దారి వేసింది మనస్తత్వవేత్త స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు. 1984లో ప్రయర్ రాసిన పుస్తకం తర్వాత అది కుక్కలున్న ఇళ్ళలోకీ బాగా వచ్చింది. ఈల బదులు గుప్పిట్లో ఇమిడే చిన్న డబ్బా. నొక్కితే టిక్కుమంటుంది. అది లేకపోతే బండి తోలేవాళ్ళు ఎడ్లను అదిలించేటప్పుడు నాలుకతో చేసే చప్పుడైనా చాలు.

దగ్గరి ఊళ్ళో ఒకరు ఊరకుక్కను తెచ్చి పెంచుకుంటున్నారు. చీపురు తీస్తే చాలు, మంచం కింద దూరేది. నేను వెళ్ళి నేలమీద కూర్చున్నాను, చీపురు దూరంగా పడుకోబెట్టి. చాలాసేపటికి ముక్కు బయటపెట్టి చీపురు వైపు చూసింది. టిక్. ఉడికించిన కోడి కార్జం ముక్క ఒకటి దాని ముందుకు జార్చాను. మళ్ళీ చూపు, మళ్ళీ టిక్. రోజుకు పది నిమిషాలు, అంతే. రెండో వారానికి ఇల్లాలు వాకిలి ఊడుస్తుంటే అది గడప మీద పడుకుని చూస్తోంది.

డాల్ఫిన్ ట్రైనర్ ఎలా అవ్వాలని ఒక ఇంటర్ అమ్మాయి నన్నడిగింది. నిజమే చెప్పాను: మన దేశంలో ఆ కొలువు లేదు, ఉండకూడదు కూడా. 1998లో చెన్నై దగ్గరి ఒక వినోద కేంద్రానికి విదేశాల నుంచి తెచ్చిన డాల్ఫిన్లు నెలల్లోనే చనిపోయాయి. 2013లో కేంద్ర ప్రభుత్వం వినోదం కోసం వాటిని బంధించడాన్నే వద్దంది. అమెరికాలో ‘ఫ్లిప్పర్’ ధారావాహికకు డాల్ఫిన్లను తయారుచేసిన రిక్ ఓబారీ, వాటిలో ఒకటి 1970లో చనిపోయాక, జీవితమంతా వాటి విడుదల కోసమే పనిచేశారు. సముద్రంలో తిరిగే జీవికి తొట్టి ఎంత పెద్దదైనా జైలే. ఆ విద్యను తీసుకుందాం, తొట్టిని వదిలేద్దాం.

కుక్కల పని మాత్రం కావలసినంత ఉంది. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు, వాటిని నడిపేవారికి కలిపి శిక్షణ ఇస్తారు. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళానికి, మీరట్‌లో సైన్యానికి శిక్షణ కేంద్రాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంప శిథిలాల కింద ఆరేళ్ళ పాప ఉన్న చోటు చూపింది మన జాతీయ విపత్తు స్పందన దళం కుక్కలు రోమియో, జూలీ. ఇలాంటి కొలువు కావాలంటే ముందు పోలీసు లేదా సైనిక ఉద్యోగంలో చేరి, తర్వాత జాగిలాల విభాగం కోరుకోవాలి. లేదా నాలా ఇంటింటికీ తిరగాలి. ఓపిక ఉన్నవాళ్ళకు రెండూ మంచి దారులే.

నా కుక్క బయట అరుగు మీద ఉంది. కార్జం ముక్కలు డబ్బాలో తెచ్చాను. పిల్లలూ, సభ అయ్యాక ఒక్కొక్కరే రండి, టిక్ మీరే కొట్టి చూడండి.