పేరు ఆమెది, పెత్తనం ఎవరిది?



సోలార్ కరెంటు, గోబర్ గ్యాస్ వస్తే ఆడవాళ్ళకు మేలు అని మనమంతా అంటూ ఉంటాం. పొగ తగ్గుతుంది, కట్టెల మోపు తప్పుతుంది. నిజమే. కానీ అక్కడ ఆడమనిషి వాడకందారు మాత్రమే. ఆ వ్యాపారంలో ఆమె స్థానం ఏమిటన్నదే ఈరోజు నా ప్రశ్న.

అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ 2019లో ఒక లెక్క ప్రకటించింది. ఈ రంగం ఉద్యోగుల్లో మహిళలు 32 శాతం. చమురు, గ్యాస్ రంగంలోని 22 శాతం కంటే మెరుగే. అయితే ఆఫీసు పనుల్లో 45 శాతం ఉన్న మహిళలు ఇంజనీరింగ్ తరహా పనుల్లోకి వచ్చేసరికి 28 శాతమే. ఇది ఉద్యోగాల సంగతి. యాజమాన్యం సంగతి వేరు.

ఆనాటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండుగూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగట్టి, 2003 అక్టోబరులో 147 టన్నులకు ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో తాము జరిపిన ఒక సదస్సు వల్ల పుట్టిన కాలుష్యానికి పరిహారంగా. మొత్తం చిన్నదే. కానీ అమ్మిన సరుకు సంఘానిది, వచ్చిన డబ్బూ సంఘానిదే.

రాజస్థాన్‌లోని డూంగర్‌పుర్‌లో ఆదివాసీ మహిళలు బొంబాయి ఐఐటీ శిక్షణతో మొదట సోలార్ దీపాలు బిగించి బడిపిల్లలకు అమ్మారు. తర్వాత 2017లో తామే వాటాదారులుగా సోలార్ ప్యానెళ్ళ కర్మాగారం పెట్టుకున్నారు. "ఆడవాళ్ళకు టెక్నాలజీ ఏం అర్థమవుతుంది" అనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మరి ఇలాంటివి ఎందుకు అరుదు? బ్యాంకు అడిగే మొదటి మాట "తనఖా ఏముంది?" అని. భూమి కాగితాలు నాన్న పేరునో, భర్త పేరునో ఉంటాయి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా కట్నం ఇచ్చాం కదా అని వాటా ఎగ్గొట్టే ఇళ్ళు మన చుట్టాల్లోనే ఎన్ని లేవు!

ఈమధ్య మా జిల్లా నుంచి నాకొక ప్రతిపాదన వచ్చింది. ఇళ్ళ మీద ప్యానెళ్ళు బిగించే చిన్న కంపెనీ. కాగితాల మీద యజమాని భార్య, ఫోన్లో మాట్లాడిందంతా భర్త. ఆవిడతో మాట్లాడతానంటే, "ఆవిడకేం తెలుసండీ, మహిళల పథకం కోసం పేరు పెట్టాం" అన్నాడు. అప్పు తీరకపోతే బ్యాంకు నోటీసు వచ్చేది ఆవిడ పేరునే. లాభం ఒకరికి, పూచీ మరొకరికి. నేను డబ్బు పెట్టలేదు.

2025లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ కేంద్రాలు పెట్టిస్తామంది. మంచిదే. కానీ అక్కడా బోర్డు మీద సంఘం పేరు, వెనక కాంట్రాక్టరు పెత్తనం అయితే ఆడవాళ్ళకు మిగిలేది అప్పే.

కనుక డబ్బు పంపే ముందు మనం మూడు ప్రశ్నలు అడగాలి. ప్యానెళ్ళు, యంత్రాలు ఎవరి పేరున ఉన్నాయి? బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది, లెక్కలు చూసేది ఎవరు? యంత్రం ఆగిపోతే బాగుచేయడం ఎవరికి నేర్పారు? ఈ మూడింటికీ ఆమె నోటి నుంచే జవాబు రావాలి.

జవాబు రాని ప్రతిపాదనకు మన వేదిక తరఫున ఒక్క డాలరు కూడా వెళ్ళకూడదని నా సూచన. ఒప్పుకోనివాళ్ళు లేచి మాట్లాడండి, చర్చిద్దాం.