కోడి యెవరిది? కొట్టమెవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో సాహిత్యమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కోళ్ల పెంపకమును గూర్చి మాటలాడుటకు అనుమతి నిండని నేను వారిని వేడుకొంటిని. కారణము మనవి చేసెదను. మా పెద్దలు ఈ యూరి కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయినవి. నేను ఊరివారికి లెక్కలు వ్రాయుచు, మిగిలిన ప్రొద్దు ఈ గ్రంథాలయపు బీరువాలలోని ప్రాచీన గ్రంథములను గురువు లేకయే చదువుకొన్నవాడను. ఈ యేడు మన యూరి యువకులు ముగ్గురు, పొలము తనఖా పెట్టి కోళ్ల షెడ్డు కట్టవచ్చునా యని లెక్క వేయించుకొనుటకు నా యొద్దకు వచ్చిరి. ముగ్గురికి మూడు మారులు చెప్పుటకంటె పదిమంది యెదుట ఒకమారు చెప్పుట మేలని తోచినది.

పల్నాటి కథలో ఒక కోడిపందెము రెండు రాజ్యముల గతిని మార్చినదని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. నేటి కోడి రాజ్యములను పణముగా నడుగదు, నాలుగెకరములు చాలుననును. కావున పందెములోనికి దిగుటకు ముందు పద్దు చూచుకొనుట వివేకము.

ఈనాడు మాంసపు కోళ్ల పెంపకము పెక్కు చోట్ల ఒప్పందము మీద జరుగుచున్నది. కంపెనీవారు ఒకరోజు పిల్లలను, దాణాను, మందులను పంపుదురు. వారి సూపర్వైజరు వచ్చి చూచిపోవును. రైతు షెడ్డు కట్టి, ఊక పరచి, పిల్లలకు వెచ్చదనము కల్పించి, కరెంటు, నీరు, కూలి భరించి, ఆరు వారములు రేయింబవళ్లు కాచును. పెరిగిన కోళ్లను కంపెనీ లారీ కొనిపోవును. కిలోకు ఇంత యని పెంపకపు కూలి రైతునకు ముట్టును. కోడి కంపెనీది, కొట్టము రైతుది, కొట్టము మీది అప్పును రైతుదే. ఈ మూడు మాటలును జ్ఞాపకముంచుకొనుడు.

ఈ పద్ధతి బాగుగా వేరూనిన దేశము అమెరికా. అందు కోడిమాంసపు ఉత్పత్తిలో అగ్రస్థానమున నున్న కంపెనీ టైసన్. దీని మూలపురుషుడు జాన్ టైసన్ అర్కాన్సా రాష్ట్రములోని స్ప్రింగ్‌డేల్ అను ఊర లారీ తోలుకొని బ్రతికినవాడు. 1930 దశకమున రైతుల కోళ్లను లారీలో వేసికొని దూరపు చికాగో నగరమునకు తరలించి లాభము గడించెను. పిమ్మట దాణా మిల్లు, పిల్లలను పొదిగించు హేచరీ పెట్టెను. 1947లో వాని వ్యాపారము కంపెనీగా నమోదయ్యెను. 1958లో కోళ్లను కోసి శుభ్రపరచు కర్మాగారము వెలసెను. 1963లో వాటాలు ప్రజలకు విక్రయింపబడెను. ఆయన కుమారుడు డాన్ టైసన్ పోటీ కంపెనీలను ఒకదాని వెంట నొకటి కొనెను. పిల్ల, దాణా, కోత, అమ్మకము అన్నియు ఒకే గొడుగు క్రిందికి వచ్చినవి. వారమునకు కోట్ల కొలది కోళ్లు ఆ గొడుగు క్రింద పెరుగుచున్నవి. ఇన్ని కొన్న కంపెనీ, కోళ్లు పెరుగు షెడ్లను మాత్రము చాలవరకు కొనలేదు. వానిని రైతులకు వదలినది. ఏల వదలినదో లెక్కలు వ్రాయువానికి వెంటనే తెలియును. పెట్టుబడి మిక్కిలిగా ఇరుకుకొనునదియు, శ్రమ తెంపులేనిదియు షెడ్డే.

టైసన్ మనకు దూరపువాడు కాడు. మన షెడ్లలో పెరుగు వెన్‌కాబ్ జాతి కోడిని మీరెల్లరు నెరుగుదురు. ఆ పేరిలో సగము వెంకటేశ్వర హేచరీస్ వారిది, సగము అమెరికాలోని కాబ్ అను జాతిది. కాబ్ జాతిని వృద్ధిచేయు కంపెనీ 1994 నుండి పూర్తిగా టైసన్ వారి సొత్తు. అనగా మన యూరి ఊక మీద నడయాడు పిల్లకు తాతముత్తాతలు వారి పెరటివారే.

ఈ కోడి సామాన్యమైనది కాదు. 1925లో అమెరికాలో మాంసపు కోడి రెండున్నర పౌనులు, అనగా సుమారు కిలో నూరు గ్రాములు, తూగుటకు 112 రోజులు పట్టెడిది. పౌను మాంసమునకు నాలుగున్నర పౌనులకు పైగా దాణా తినెడిది. నేడు అచ్చటి కోడి సుమారు 47 రోజులలో ఆరు పౌనులు దాటుచున్నది. పౌనుకు రెండు పౌనులలోపు దాణాయే చాలుచున్నది. ఒకప్పుడు పండుగనాటి వంట పేదవాని ఆదివారపు కూర యైనదన్న అందుకు కారణ మిదియే. దీనిని సాధించిన శాస్త్రజ్ఞులను, వ్యాపారులను నేను తక్కువచేసి మాటలాడను. లాభము లోకమునకు కలిగినది. నష్టము కలిగినప్పుడు అది యెవరి ఖాతాలో పడుచున్నదనునదే నా ప్రశ్న.

కూలి కట్టు విధానమును చూతము. అమెరికాలో దీనిని టోర్నమెంటు అందురు. ఒకే వారమున కోళ్లను అప్పగించిన రైతులనందరిని కంపెనీ వరుసగా నిలుపును. తక్కువ దాణాతో ఎక్కువ బరువు తెచ్చినవానికి సగటుకంటె హెచ్చు కూలి, వెనుకబడినవానికి తగ్గింపు. మన దేశమున సాధారణముగా కంపెనీ ఒక ఉత్పత్తి ఖర్చును ప్రమాణముగా నేర్పరచి, దానికి తగ్గినచో బహుమానము, మించినచో కోత విధించును. పేరు వేరైనను తూకపురాయి యొకటే: కిలో బరువునకు ఎన్ని కిలోల దాణా పట్టినది? దీనినే రైతులు ఎఫ్.సి.ఆర్. అనుచున్నారు.

ఒక చిన్న లెక్క వేసికొందము. షెడ్డులో 5,000 కోళ్లు. ఒక్కొక్కటి రెండు కిలోలు తూగినది. మొత్తము 10,000 కిలోలు. ఎఫ్.సి.ఆర్. 1.6 అయినచో పట్టిన దాణా 16 టన్నులు. 1.7 అయినచో 17 టన్నులు. చూచుటకు దశాంశ మొక్కటే. తూచినచో ఒక టన్ను, అనగా ఏబది కిలోల బస్తాలు ఇరువది. ఈ ఇరువది బస్తాల తేడా యెవరి వలన వచ్చినది? రైతు అజాగ్రత్త వలన కావచ్చును. వేసవి ఎండ వలన కావచ్చును. కంపెనీవారిచ్చిన పిల్ల బలహీనమైనందువలన గాని, దాణా నాణ్యము తగ్గినందువలన గాని, లారీ నాలుగురోజులు ఆలస్యముగా వచ్చి ముదురు కోళ్లు ఊరక మేసినందువలన గాని కావచ్చును. వీనిలో కొన్ని రైతు చేతిలోనివి, కొన్ని కావు. కోత మాత్రము రైతు కూలిలోనే పడును.

ఇచ్చట నాకు కౌటిల్యుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. అర్థశాస్త్రము రెండవ అధికరణమున గోధ్యక్షుని ప్రకరణ మొకటి కలదు. యజమాని పశువులను పరుల చేత పెంపించుటకు అందు పెక్కు పద్ధతులు చెప్పబడినవి. మొదటిది వేతనోపగ్రాహికము: కాపరికి రొక్కపు జీతమే యియ్యవలెను; పాలు, నేయి జీతముగా నిచ్చినచో దూడల కడుపు కొట్టునని ఆయన హెచ్చరిక. రెండవది కరప్రతికరము: ఒకడు నూరు పశువులను తీసికొని, యేడాదికి ఇంత నేయి యని కట్టవలెను. అయితే ఆ నూరు పశువులు ఎటువంటివి? ముసలి యావులు, పాడియావులు, చూడియావులు, పడ్డలు, పెయ్యలు సమభాగములుగా నుండవలెనని ఆచార్యుడు విధించెను. ఒకనికి అన్నియు పాడియావులను, వేరొకనికి అన్నియు ముసలి యావులను అప్పగించి, నేయి సమానముగా నడుగుట న్యాయము కాదని భావము. మరియు తప్పిపోయిన పశువును నష్టమనియు, రోగము, ముసలితనము, పిడుగు, పులి మున్నగువాని వలన చచ్చినదానిని వినష్టమనియు వేరువేరుగా పేర్కొనెను. ఏ చావునకు కాపరి బాధ్యుడో, ఏ చావునకు కాడో నిర్ణయించుటకే ఈ విభాగము.

రెండువేల యేండ్లకు పూర్వపు ఈ బుద్ధి నేటి ఒప్పందములకు పనికివచ్చును. పిల్లలు అందరికి సమానముగా వచ్చినవా? చావు యెవరి తప్పిదము? ఈ రెండు ప్రశ్నలకును కాగితము మీద జవాబు లేని ఒప్పందము కౌటిల్యుని కచేరీలో నిలువదు. అమెరికాలో సైతము రైతులు చిరకాలము మొరపెట్టుకొన్న పిమ్మట, 2023 నవంబరులో వ్యవసాయ శాఖ ఒక నియమము వెలువరించినది. 2024 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కంపెనీలు పిల్లల, దాణాల వివరములను, తక్కిన రైతుల ఫలితములు తెలియునట్టి వివరములను రైతునకు చూపవలెను. ఒప్పందమునకు ముందు రాబడి యెట్లుండునో తెలుపవలెను.

మూడవ ప్రశ్న యొకటి కలదు. అది కౌటిల్యుని కాపరికి లేదు, ఎందుకనగా వాడు అప్పుచేసి కొట్టము కట్టలేదు. అప్పు ఎన్నియేండ్లు? ఒప్పందము ఎన్నియేండ్లు? బ్యాంకి అప్పు ఏండ్ల తరబడి నడచును. పెక్కు ఒప్పందములు ఒక బ్యాచి నుండి మరియొక బ్యాచికి నడచును. రెండును ఒకే గడువువి కావు. అసలైన గుంట అచ్చటనే యున్నది.

మరల లెక్క. బ్యాచి 42 రోజులు, నడుమ షెడ్డు కడిగి ఆరబెట్టుటకు 15 రోజులు, మొత్తము 57. ఏడాదికి ఆరు బ్యాచీలు సాగును. కంపెనీవారు పిల్లలను మరి 15 రోజులు ఆలస్యముగా పంపినచో చుట్టు 72 రోజులగును, అప్పుడు ఐదే. ఆరవ భాగపు రాబడి పోయినది. బ్యాంకి వాయిదా ఆరవ భాగము తగ్గునా? తగ్గదు.

ఒప్పందమే తెగినచో? టైసన్ వారు 2023 మార్చిలో రెండు, ఆగస్టులో నాలుగు కోళ్ల కర్మాగారములను మూసివేయుచున్నట్లు ప్రకటించిరి. అందు మిస్సోరి రాష్ట్రములోని డెక్స్‌టర్ ఒకటి. దాణాను, కోళ్లను బహుదూరము మోయుట గిట్టదు గనుక కర్మాగారమునకు కొన్ని పదుల మైళ్లలోపుననే షెడ్లుండును. అది మూతపడినచో చుట్టుప్రక్కల వేరొక కంపెనీ లేని చోట షెడ్డు దేనికిని పనికిరాదు. కోళ్లకై కట్టిన ఆ పొడుగుపాటి కొట్టములో ఇల్లు పెట్టుకొనలేము, పంట వేయలేము. కంపెనీ తన పద్దులో ఒక గీత గీసి ముందుకు సాగినది. రైతుల పద్దులో అప్పు మిగిలినది.

ఇట్లన్నంతమాత్రమున ఒప్పందమే పాపమని నా మతము కాదు. స్వంతముగా కోళ్లు పెంచువాని కష్టమును నే నెరుగుదును. మొక్కజొన్న, సోయా ధర పెరిగిన వానికే దెబ్బ. కోడి ధర పడిపోయిన వానికే దెబ్బ. 2006లో మహారాష్ట్రలోని నవాపురమున మన దేశపు తొలి బర్డ్ ఫ్లూ కనబడినప్పుడును, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో ఆ వ్యాధి కనబడినప్పుడును జనులు కోడికూర తినుటకు వెరచిరి. అట్టి కాలమున ధర పతనమును కంపెనీ భరించుట ఒప్పంద రైతునకు గొడుగువంటిది. తమిళనాట ఉడుమలపేటలో 1984లో ఆరంభమైన సుగుణ కంపెనీ ఈ పద్ధతినే విస్తరింపజేసినది. చేత రొక్కము లేని రైతు సైతము వేల కోళ్లను పెంపగలుగుట దీని వలననే.

మన తెలుగువారిలోనే మరియొక దారి చూపినవారు కలరు. డాక్టరు బి.వి. రావుగారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిరి. ఆ కాలమున గ్రుడ్ల ధరను దళారులు నిర్ణయించెడివారు. రైతునకు ఉత్పత్తి ఖర్చైనను చేతికి రాని దినములు పెక్కు. రావుగారు ఊరూర తిరిగి రైతులను కూడగట్టగా 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము వెలసినది. నాటినుండి రైతులే తమ గ్రుడ్డుకు ధర ప్రకటించుకొనుచున్నారు. స్వయముగా పెద్ద వ్యాపారి యైనవాడే రైతులను కూడగట్టె ననుట గమనింపదగినది. ఒంటరి రైతు అడుగజాలని ప్రశ్నను పదిమంది కలిసి అడుగగలరు.

ఆ ముగ్గురు యువకులకు నా సలహా యిది. సంతకమునకు ముందు ఒప్పందమును తెలుగులో చదివించుకొనుడు. నాలుగు సంగతులు అందున్నవో లేవో చూచుకొనుడు: ఏడాదికి కనీసము ఎన్ని బ్యాచీలు, పిల్లల తూకము, దాణా తూకము మీ యెదుట జరుగునా, లారీ ఆలస్యమైనచో ఆ దాణా ఎవరి ఖాతా, ఒప్పందము తెగినచో ఎన్ని నెలల ముందు తెలుపుదురు. ఏడాదికి ఐదు బ్యాచీలే వచ్చుననుకొని వాయిదా కట్టగలిగిననే అప్పు చేయుడు. ఆరు వచ్చిన భాగ్యము. ఆరు వచ్చునని అప్పు చేయుట పందెము. ఉన్న నాలుగెకరములను మొత్తముగా ఎన్నడును తనఖా పెట్టకుడు.

చివరగా గ్రంథాలయమునకు ఒక మనవి. అమెరికాలో చట్టము ద్వారా తెప్పించుకొనవలసి వచ్చిన వివరములను మనము ఒక నోటుపుస్తకముతో తెచ్చుకొనగలము. మన యూరను, చుట్టు పల్లెలలోను కోళ్లు పెంచు ప్రతి రైతును బ్యాచి ముగియగానే ఇచ్చటికి వచ్చి పిల్లలు దిగిన తేది, సంఖ్య, చచ్చినవి, దాణా, తూకము, లారీ వచ్చిన తేది, ముట్టిన కూలి, తరువాతి పిల్లలు వచ్చువరకు ఖాళీ దినములు వ్రాసిపోవలెను. రెండేండ్లు గడచునప్పటికి ఎవని పిల్లలు ఎట్టివో, ఎవని కోత న్యాయమైనదో పుస్తకమే చెప్పును. కంపెనీ మనిషితో మాటలాడునప్పుడు మన చేత ఊహ కాక లెక్క యుండును. వారికిని అది మేలే. నిజమైన లెక్కను జూచి మంచి వ్యాపారి కోపపడడు.

ఈ బీరువాలలో ఎందరో మహానుభావులు వ్రాసిన గ్రంథములున్నవి. మన యూరివారు తమ కొరకు తాము వ్రాసికొన్న గ్రంథము ఇంతవరకు లేదు. గడులు గీసి, శీర్షికలు వ్రాసి, రెండువందల పుటల పుస్తకము తెచ్చితిని. దీనిని కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. మొదటి పుట ఖాళీగా నున్నది. ఎవరి బ్యాచి ముందు ముగియునో వారు నింపవలెను.